న్యూరో ఫిజియోలో ఎవిడెన్స్ అంటే ముందు లెక్క రాయడం

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది. బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) అయ్యాక రెండేళ్లుగా గుంటూరులో ఒక క్లినిక్‌లో చేస్తున్నారు, వచ్చేవి ఎక్కువగా పక్షవాతం కేసులు. కాలేజీలో ‘ఎవిడెన్స్ బేస్డ్’, అంటే పరిశోధనలో తేలిన ఆధారాన్ని బట్టి చేయాలి అని నేర్పారు, ఇక్కడ పేషెంట్లు కరెంటు (ప్యాడ్లతో కండరాలకి ఇచ్చే స్టిమ్యులేషన్) పెట్టమంటారు, ఓనరూ అదే పెట్టమంటారు. న్యూరోలో (మెదడు, నరాల జబ్బుల ఫిజియోలో) ఎంపీటీ, అంటే పీజీ, చేసి టీచింగ్, రీసెర్చ్ వైపు రావాలని ఉంది. మన ఊళ్లో ఉండి అవి కుదిరే పనులేనా, లేక అదంతా సిడ్నీ, ఆమ్‌స్టర్‌డామ్ వాళ్ల వ్యవహారమా?

కుదురుతుంది. నేను 24 ఏళ్లుగా ఇందులోనే ఉన్నాను. పొద్దున పేషెంట్లు, మధ్యాహ్నం కాలేజీలో న్యూరో క్లాసులు, వారంలో రెండు రోజులు విజయవాడ నుంచి గుంటూరు బస్సు. ఫారిన్ డిగ్రీ లేదు, పెద్ద ల్యాబ్ లేదు. కాబట్టి ఇక్కడ ఉండి చేయగలిగింది మాత్రమే చెప్తాను.

ముందు నా తప్పొకటి. కొత్తలో నేను పనిచేసిన చోట గోడకి ఒక పుల్లీ, దానికి తాడు, రెండు పిడులు ఉండేవి. పక్షవాతం వచ్చిన ప్రతి ఒక్కరినీ దాని కింద కుర్చీలో కూర్చోబెట్టి, పడిపోయిన చేతిని గుడ్డతో పిడికి కట్టి, బాగున్న చేత్తో తాడు లాగమనేవాళ్లం. చెయ్యి పైకి లేస్తోందని పేషెంటుకు సంతోషం. ఇరవై నిమిషాలు ఖాళీ దొరికిందని మాకు అంతకంటే సంతోషం. తెనాలి వైపు నుంచి వచ్చే ఒక రైతు మూడో వారానికల్లా రాత్రుళ్లు భుజం పట్టుకుని మంచం మీద కూర్చుండిపోయే స్థితికి వచ్చాడు. ‘‘చెయ్యి రాకపోతే పోయింది, ముందీ నొప్పి తీసెయ్యి బాబూ’’ అన్నాడు.

భుజం చుట్టూ కండరాలు పనిచేయనప్పుడు, రెక్క ఎముక దానికి తగ్గట్టు తిరగకుండా, చేతిని మాత్రం పైకి లాగితే మధ్యలో ఉన్న మెత్తటి భాగాలు నలిగిపోతాయి. అనాటమీ చదివిన ఎవరికైనా తట్టాల్సిన విషయం. నాకు తట్టలేదు, సీనియర్లు చేస్తున్నారు కాబట్టి నేనూ చేశాను. చాలా ఏళ్ల తర్వాత చదివాను, 1990లోనే కుమార్ అనే ఆయన, తోటి పరిశోధకులు 28 మందిని మూడు గుంపులు చేసి చూశారట. పుల్లీ వాడిన గుంపులో 62 శాతం మందికి భుజం నొప్పి వచ్చింది, థెరపిస్టు స్వయంగా చెయ్యి పట్టుకుని కదిలించిన గుంపులో 8 శాతం మందికి. చిన్న స్టడీయే, దాని మీద ఒట్టు వేయక్కర్లేదు. కానీ నేను ఆ రైతు చేతికి గుడ్డ కట్టేనాటికి అది అచ్చయి పదేళ్లు దాటింది. ఇంటర్నెట్ సెంటర్‌లో గంటకి ఇంత అని కట్టి సినిమా కబుర్లు చదివిన నేను, దాన్ని మాత్రం వెతకలేదు.

అందుకే ఎవిడెన్స్ అనగానే మా స్టూడెంట్లు సాకెట్ అనే డాక్టరు 1996లో చెప్పిన డెఫినిషన్ గడగడా అప్పజెప్తుంటే నాకు ఆ భుజమే గుర్తొస్తుంది. ఆ డెఫినిషన్‌లో మూడున్నాయి: మంచి పరిశోధన, మన అనుభవం, పేషెంటుకి ఏం కావాలన్నది. మూడోదాన్ని వైవాలో చెప్తారు, వార్డులో మర్చిపోతారు.

ఇక కరెంటు సంగతి. దీని మీద ఓనరుతో గొడవ పడకండి. స్టిమ్యులేషన్ మొత్తం దండగ అనడం కూడా ఎవిడెన్స్‌కి విరుద్ధమే. మణికట్టు, వేళ్లు పైకి లేపే కండరాలకి, నడిచేటప్పుడు పాదం వాలిపోయేవాళ్లకి అది పనికొస్తుందని చూపిన పరిశోధనలు ఉన్నాయి. మన క్లినిక్‌లలో జరిగేది వేరు. ప్యాడ్లు అంటించి, టైమర్ తిప్పి, పేషెంటుకి ఫోన్ ఇచ్చి వెళ్లిపోతాం. ఆయన రీల్స్ చూస్తుంటాడు, చెయ్యి దానంతటది ఎగురుతుంటుంది. ఆ చేతికీ మెదడుకీ మధ్య ఆ ఇరవై నిమిషాల్లో ఏ మాటా జరగదు. రేపటి నుంచి మీరు చేయాల్సిన మార్పు ఒకటే. ప్యాడ్లు పెట్టండి, ఎదురుగా ఒక ఖాళీ స్టీలు గ్లాసు పెట్టండి, కరెంటు వచ్చిన ప్రతిసారీ ‘‘ఇప్పుడు మీరు కూడా లేపండి, గ్లాసు వదలండి’’ అనండి. పేషెంటు కోరింది దక్కింది, ఓనరు బిల్లూ పోలేదు, చేతికి పనీ దొరికింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 2009లో అమెరికాలో కేథరిన్ లాంగ్ అనే ఫిజియో, ఆమె బృందం ఎవరూ పట్టించుకోని ఒక పని చేశారు. స్ట్రోక్ (పక్షవాతం) పేషెంట్ల థెరపీ సెషన్లలో పక్కన కూర్చుని, చెయ్యి ఎన్నిసార్లు నిజంగా పని చేస్తోందో లెక్కపెట్టారు. చేతితో ఏదైనా పనిని సాధన చేయించిన సెషన్లలో సగటున వచ్చింది 32. జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో మెదడులో మార్పు కనపడటానికి రోజుకి వందల్లో చేయించారు. అది చదివి నేను నవ్వుకున్నాను. మన దగ్గర అలా ఉండదులే, మనం గట్టిగా చేయిస్తాం అనుకున్నాను. అనుమానం తీర్చుకుందామని గుడి ముందు అమ్మే నామజపం కౌంటరు ఒకటి కొన్నాను, వేలికి ఉంగరంలా పెట్టుకునేది, 100 రూపాయల లోపే దొరుకుతుంది. ఒక ఇంటర్న్ వేలికి అది తొడిగి మూల కూర్చోబెట్టాను. నా సెషన్ 45 నిమిషాలు. ఆ అమ్మాయి చివర్లో కౌంటరు చూపించడానికి మొహమాటపడింది. 27.

మిగతా టైమంతా ఏమైందంటే మాటలు, బీపీ, కుర్చీలోంచి మంచానికి మార్చడం, నేను చెయ్యి పట్టుకుని సాగదీయడం, వాళ్లబ్బాయి ఫోన్. అన్నీ అవసరమైనవే అనిపిస్తాయి. చెయ్యి మాత్రం 27 సార్లు ప్రయత్నించింది.

ఆ లెక్క తర్వాత వచ్చిన పేషెంటు గురించి కొంచెం వివరంగా చెప్తాను. గుంటూరు శివార్లలో ఉండే ఆవిడ, యాభై దాటాయి, మిరపకాయల తొడిమలు తీసే పని. కుడిచెయ్యి పడిపోయి నాలుగు నెలలు. కొడుకు స్పాంజి బంతి కొనిచ్చాడు, పాపం పొద్దస్తమానం అదే నొక్కుతూ ఉండేది. ‘‘మీకేం చేయాలని ఉందమ్మా?’’ అంటే, ‘‘తొడిమ తియ్యాలయ్యా. కిలోల లెక్కన డబ్బులు’’ అంది.

తొడిమ తీయడం చూశారా మీరు? ఎడమచెయ్యి కాయని పట్టుకుంటుంది, కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు తొడిమని చిదిమి లాగుతాయి, వెంటనే వేళ్లు విచ్చుకోవాలి, తర్వాతి కాయ. ఆవిడకి చిదమడం వచ్చేసింది. విచ్చుకోవడమే రాదు. బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుపోయి ఉంటుంది, దాన్ని తెరవబోతే మణికట్టు కిందికి వాలిపోతుంది. బంతి నొక్కి నొక్కి ఆవిడ సాధన చేసింది తనకి వచ్చిన సగాన్నే.

మొదటి రోజు మా ఇంటర్న్ ఉత్సాహంగా నిజం ఎండుమిరపకాయలు తెచ్చింది. నేనూ భేష్ అన్నాను. పది నిమిషాలకి ఆవిడ ఆ చేత్తోనే కన్ను తుడుచుకుంది. వేళ్లకి స్పర్శ సరిగ్గా లేదు, కారం అంటిందని తెలియలేదు. మిగతా సెషన్ అంతా కళ్లు కడగడంతోనే సరిపోయింది. స్పర్శ పరీక్ష చేసి కాగితం మీద రాసుకున్నది నేనే, ఆ కాగితం పక్కనే ఉంది.

మర్నాటి నుంచి చింతపిక్కలు, వామనగుంటల పీట. పిక్క తీయాలి, గుంటలో వదలాలి, అంటే ప్రతిసారీ వేళ్లు విచ్చుకోవాల్సిందే. తర్వాత చిక్కుడుకాయల ఈనెలు తీయడం, ఇది తొడిమ తీయడానికి అక్కచెల్లెలు లాంటి పని. ఇంట్లో ఎడమచేతికి రోజూ కొన్ని గంటలు గుడ్డ సంచి తొడిగి ఉంచమన్నాం, కూర్చుని చేసే పనులకి మాత్రమే, నడిచేటప్పుడు తీసేయాలి. ఈ సంచి ఆలోచన నాది కాదు. ఎడ్వర్డ్ టాబ్ కోతుల మీద చేసిన ప్రయోగాల నుంచి పుట్టిన పద్ధతి, 2006లో ఎక్సైట్ అనే ట్రయల్‌లో 222 మంది మీద పరీక్షించారు. స్ట్రోక్ వచ్చి 3 నుంచి 9 నెలలైన వాళ్లు, వేళ్లు, మణికట్టు కొంతైనా లేపగలిగిన వాళ్లు. రెండు వారాలు, రోజుకి 6 గంటల దాకా సాధన, మెలకువగా ఉన్న సమయంలో 90 శాతం బాగున్న చేతికి మిట్, అంటే సంచిలాంటి గ్లోవు. మామూలు వైద్యం పొందిన వాళ్లకంటే చెయ్యి వాడకం బాగా మెరుగైంది, ఏడాది తర్వాత కూడా. మన దగ్గర రోజుకి ఆరు గంటలు ఎవరూ రారు, రాలేరు కూడా, ఆటో ఖర్చులే భరించలేరు. అందుకని గంటలు ఇంటికి పంపాం, లెక్క నోటుబుక్కులో రాయించాం. కొడుకు రాసేవాడు. మూడో వారానికి క్లినిక్‌లోనే ఒక సెషన్‌లో 200 దాటింది. ఆవిడకి పాత వేగం రాలేదు, చెప్పేస్తున్నాను. కానీ కొన్ని నెలలకి పూటపనికి వెళ్లడం మొదలుపెట్టింది.

ఆ స్పాంజి బంతి గురించి ఒక మాట. బంతి నొక్కితే బిగుతు పెరుగుతుందని, కండరానికి బలం పెంచే వ్యాయామాలు స్ట్రోక్ వాళ్లకి చెయ్యకూడదని మాకు నేర్పారు, నేనూ కొన్ని బ్యాచ్‌లకి అలాగే నేర్పాను. పాత చికిత్సా పద్ధతి ఒకటి పెట్టిన బోబాత్ దంపతుల కాలం నుంచి వచ్చిన భయం అది. 2006లో లూయీస్ అడా, తోటి ఆస్ట్రేలియా ఫిజియోలు అప్పటిదాకా వచ్చిన ట్రయల్స్ అన్నీ కలిపి చూస్తే బలం పెరిగింది, పనితీరు కొంత మెరుగైంది, స్పాస్టిసిటీ (కండరాల బిగుతు) మాత్రం చెప్పుకోదగినంత పెరగలేదు. బంతి చేసే నష్టం బిగుతు కాదన్నమాట, టైము తినేయడం. నేను తప్పు నేర్పిన బ్యాచ్‌ల వాళ్లు ఇప్పుడు ఎక్కడెక్కడో క్లినిక్‌లు పెట్టుకుని అదే చెప్తూ ఉంటారు. టీచింగ్‌లోకి వస్తానంటున్నారు కాబట్టి చెప్తున్నా, ఇది నన్ను నిజంగా ఇబ్బంది పెట్టే విషయం.

టీచింగ్ గురించే ఇంకొంచెం. మన సిలబస్‌లో బ్రన్‌స్ట్రామ్ స్టేజీలు, బోబాత్, పీఎన్ఎఫ్, 1982లో కార్, షెపర్డ్ రాసిన మోటార్ రీలెర్నింగ్, ఇలా చికిత్సా పద్ధతులన్నీ పక్కపక్కనే ఉంటాయి, షాపులో చీరల్లాగా. ఏది ఎప్పుడు, ఏది ఎందుకు పాతబడింది అనేది ఎవరూ అడగరు. పిల్లలు పది మార్కులకి రాసేసి మర్చిపోతారు. నేను శనివారం సాయంత్రం ఒక గంట పెట్టుకున్నాను. ఒక పేపరు, ఒక పేషెంటు, టీ. పేపరు ఇచ్చేముందు ప్రశ్న మాత్రం చెప్పి పందెం కాయిస్తాను, ఓడినవాళ్లు టీ డబ్బులివ్వాలి.

అందరూ ఓడిపోయేది అవెర్ట్ ట్రయల్ దగ్గర. స్ట్రోక్ వచ్చిన 24 గంటల్లోపే లేపి కూర్చోబెట్టి, నిలబెట్టి, ఎక్కువసార్లు ఎక్కువసేపు చేయిస్తే మేలా కాదా అన్నది ప్రశ్న. నడిపించింది జూలీ బెర్న్‌హార్ట్ అనే ఫిజియో. 5 దేశాలు, 56 ఆసుపత్రులు, 2104 మంది. ఫిజియో స్టూడెంట్లు కదా, అందరూ ‘మేలు’ వైపే కాస్తారు. 2015లో లాన్సెట్ అనే వైద్య జర్నల్‌లో ఫలితం వచ్చింది. మూడు నెలలకి బాగా కోలుకున్నవాళ్లు ఆ గుంపులో 46 శాతం, మామూలు పద్ధతి గుంపులో 50 శాతం. వెంటనే ఎవరో ఒకరు ‘‘అయితే మంచం మీదే ఉంచాలా సార్?’’ అంటారు. అప్పుడు మళ్లీ పేపరు తెరవమంటాను. ఆ మామూలు గుంపు వాళ్లని కూడా సుమారు 22 గంటలకే లేపారు. వీళ్లూ వాళ్లూ మంచం దిగింది కొన్ని గంటల తేడాతోనే, అసలు తేడా మోతాదులో. తర్వాత చేసిన విశ్లేషణలో కొద్దికొద్దిసేపు ఎక్కువసార్లు లేపడం మేలని, ఒక్కసారే ఎక్కువసేపు చేయించడం మంచిది కాదని తేలింది. హెడ్డింగ్ చదివి ఊరుకున్నవాడు ఈ తేడాని పట్టుకోలేడు. జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి) లాంటి చోట వార్డు రౌండ్లకి వెళ్లే పిల్లలకి రెండో రోజు పేషెంటు దగ్గర ఇది నేరుగా పనికొస్తుంది.

మన దేశంలో జరిగిన అటెండ్ ట్రయల్ కూడా చదవండి, 2017, అదీ లాన్సెట్‌లోనే. 14 ఆసుపత్రులు, 1250 మంది. ఇంట్లోవాళ్లకి నేర్పి వాళ్లచేత రీహాబ్ చేయిస్తే సరిపోతుందా అని చూశారు. ఆరు నెలలకి చనిపోయినవాళ్లు, ఇంకొకరి మీద ఆధారపడినవాళ్లు కలిపి రెండు గుంపుల్లోనూ 47 శాతం. తేడా లేదు. నాకు మొదట బాధేసింది, మన దగ్గర అసలు థెరపిస్టు కొడుకో కోడలో కదా అని. ఇప్పుడు నా అభిప్రాయం ఇది: ఇంట్లోవాళ్లకి నేర్పడం వృథా కాదు గానీ, డిశ్చార్జి ముందు చూపించి, ఒక పుస్తకం చేతిలో పెట్టి పంపేస్తే మన పని అయిపోయినట్టు కాదు. తొడిమల ఆవిడ కొడుకు రోజూ రాశాడంటే, మేము ప్రతి వారం ఆ నోటుబుక్కు అడిగి చూశాం కాబట్టే.

ఇంట్లోవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ‘‘చెయ్యి వస్తుందా?’’ దీనికి ‘‘దేవుడి దయ’’ అని తప్పించుకోవద్దు. 2010లో నెదర్లాండ్స్ వాళ్లు 188 మందిని చూసి చెప్పింది బాగా ఉపయోగపడుతుంది. రెండో రోజుకి వేళ్లు కాస్తయినా చాచగలిగి, భుజం కాస్తయినా పక్కకి ఎత్తగలిగితే, ఆరు నెలలకి చెయ్యి ఎంతోకొంత పనికి వచ్చే అవకాశం 98 శాతం. రెండూ లేకపోతే 25 శాతం. పావురం రక్తం రాయించాలా, నాటుమందుకి తీసుకెళ్లాలా అని మూడు నెలలు తిరిగే కుటుంబానికి మొదటి వారంలోనే ఈ మాట సరిగ్గా చెప్తే వాళ్ల డబ్బు, టైము రెండూ మిగులుతాయి. 25 అంటే సున్నా కాదని కూడా చెప్పండి.

రీసెర్చ్ విషయానికొస్తే, మన ఎంపీటీ థీసిస్‌లు ఎక్కువగా ఒకే అచ్చులో ఉంటాయి. ముప్ఫై మంది, రెండు గుంపులు, నాలుగు వారాలు, చివర్లో ‘రెండూ పనిచేశాయి, మాది ఇంకా బాగా పనిచేసింది’. స్ట్రోక్ వచ్చిన మొదటి మూడు నెలల్లో ఏమీ చేయకపోయినా కొంత కోలుకుంటారు. అలాంటప్పుడు ముందు స్కోరు, తర్వాత స్కోరు తీసి ‘పెరిగింది’ అంటే, పెంచింది మన టెక్నిక్కా, కాలమా? స్కోరు వేసినవాళ్లకి ఎవరు ఏ గుంపో తెలిస్తే అది ఇంకో తిరకాసు. వీటిని పట్టుకోవడం నేర్చుకోవాలంటే పెడ్రో అనే డేటాబేస్ ఉంది, 1999 నుంచి సిడ్నీలోని ఫిజియోలు నడుపుతున్నారు, ఉచితం. ప్రతి ట్రయల్‌కీ పదికి ఇంత అని మార్కులుంటాయి. ఒక నెల రోజులు రోజుకొక ట్రయల్ తీసి, వాళ్ల మార్కు చూడకుండా మీరు వేసి, తర్వాత పోల్చుకోండి. ఏ క్లాసులోనూ ఇంత నేర్చుకోరు.

మన ఊళ్లో ఉండి చేయదగ్గ పని ఇంకొకటి నా కళ్ల ముందు ఎప్పుడూ కనపడుతుంది. పడిపోకుండా నిలదొక్కుకోవడాన్ని కొలిచే బెర్గ్ బ్యాలెన్స్ స్కేలులో 14 అంశాలు, 56 మార్కులు. అందులో నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని లేవడం లేదు, కింద కూర్చునే మరుగుదొడ్డి లేదు. చెయ్యి వాడకం అడిగే మోటార్ యాక్టివిటీ లాగ్‌లో ఫోర్కు, చెంచాతో తినడం ఉంది. మనవాళ్లకి అన్నంలో పప్పు కలిపి ముద్ద చేయాలి. కుడిచెయ్యి పడిపోయినవాళ్లు ఎడమచేత్తో తినాల్సి వస్తుందని పెళ్లి భోజనాలకే వెళ్లడం మానేస్తారు, అది ఏ స్కేలులోనూ పడదు. ఒక స్కేలుని తెలుగులోకి, మన ఇళ్లలోకి సరిగ్గా తేవడం మంచి థీసిస్. ముందు ఎవరైనా చేశారేమో వెతకాలి, అసలు తయారుచేసినవాళ్ల అనుమతి తీసుకోవాలి, ఒకరు తెలుగు చేస్తే అసలుది చూడని ఇంకొకరు తిరిగి ఇంగ్లిష్ చేయాలి, తర్వాత ఇద్దరు థెరపిస్టులు విడివిడిగా స్కోరు వేస్తే కలుస్తుందా చూడాలి. మెషీన్లు అక్కర్లేదు, ఓపిక కావాలి.

పేషెంట్ల మీద ఏదైనా ట్రయల్ చేస్తే ఎథిక్స్ కమిటీ అనుమతి, మొదటి పేషెంటుని చేర్చకముందే సీటీఆర్ఐలో (మన దేశంలో ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి అనుకోండి. ఆ రిజిస్ట్రీ 2007 నుంచి ఉంది, రూపాయి ఖర్చు లేదు. డబ్బు కడితే వారంలో అచ్చేస్తామని మెయిల్ పెట్టే జర్నళ్ల జోలికి మాత్రం వెళ్లకండి, ప్రమోషన్ పాయింట్ల కోసమైనా సరే.

ఎంపీటీలో చేరకముందే, ఇప్పుడే మొదలుపెట్టగలిగేది ఒకటుంది. మీ క్లినిక్‌కి వచ్చే ప్రతి స్ట్రోక్ పేషెంటుకి మొదటి రోజు, తర్వాత నెలకోసారి మూడే రాయండి: పది మీటర్లు ఎన్ని సెకన్లలో నడిచారు, బెర్గ్ ఎంత, ఈ రోజు సెషన్‌లో చెయ్యి ఎన్నిసార్లు పని చేసింది. ఆర్నెల్లకి మీ దగ్గర ఉండే నోటుబుక్కు చాలామంది లెక్చరర్ల దగ్గర ఉండదు, నా మొదటి పదేళ్లలో నా దగ్గరా లేదు.

ఎంపీటీకి ఏ కాలేజీ అని అడిగారు, పేర్లు చెప్పను. సీటు తీసుకునేముందు విజయవాడలో గానీ గుంటూరులో గానీ ఆ కాలేజీ న్యూరో ఓపీలో ఒక పూట కూర్చోండి, రోజుకి ఎంతమంది నిజంగా వస్తున్నారో చూడండి. తర్వాత లైబ్రరీలో పాత థీసిస్‌లు అడిగి తీసుకుని వెనక నుంచి తిరగేయండి. ‘తేడా రాలేదు’ అని తేలిన థీసిస్ ఒక్కటైనా కనపడితే, దానికి గైడ్ ఎవరో చూసి, నేరుగా వెళ్లి ఆయన్నో ఆవిడనో కలవండి.